శనివారం కోసం పోకర్

ఎనభైల్లో మేం అమెరికాలో పిస్కాటవే అనే ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన పోయాక ఆయన కారు ఇంటిముందు మంచులో కూరుకుపోయి ఉండేది. పక్కూరు ఎడిసన్‌ వెళ్లి బియ్యం తెచ్చుకోవాలన్నా ఎవర్నో ఒకర్ని బతిమాలాలి. అది నాకు పడలా. పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకున్నా. తీరా టెస్టు శనివారం పడింది, ఆరోజు నాకు పని.

నా పని ఆస్పత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో. మధ్యాహ్నం తిండి దగ్గర ఆడాళ్లం పోకర్ ఆడేవాళ్లం. చిరిగిన కోట్ల నుంచి ఊడదీసిన గుండీలే పందెం. సోమవారం అందరికీ సమానంగా పంచుకునేవాళ్లం. శుక్రవారానికి ఎవరి కుప్ప పెద్దదైతే వాళ్లకి శనివారం సెలవు, వాళ్ల పని మిగతావాళ్లం చేసేవాళ్లం.

మా పక్కింటావిడ నన్ను వదినా అనేది. "అన్నయ్య పోయి ఏడాదన్నా కాలేదు, పేకాటేంటి వదినా?" అంది.

"నీ కారెక్కడం మానేద్దామని" అన్నా.

మొదట్లో అన్నీ పోగొట్టుకున్నా. మన రమ్మీలో వంతువంతుకీ ముక్క లాగుతాం, చెత్త ముక్కలైనా ఓపిక పడితే బాగుపడతాయి. ఇందులో అట్లా కాదు. ఐదు ముక్కలిస్తారు, వద్దన్నవి ఒక్కసారే మార్చుకోవాలి. జత కంటే రెండు జతలు మేలు, వాటికంటే ఒకే రకం మూడు, ఆపైన వరస, ఐదూ ఇస్పేటులాగా ఒకే గుర్తువి వస్తే ఇంకా మేలు. వస్తుందిలే అని నేను ప్రతి ఆటకీ కాస్తానే ఉండేదాన్ని.

ఇస్త్రీ మిషన్ దగ్గరుండే పెద్దావిడే నాకు కారు నేర్పింది. ఆటలో మాత్రం కనికరం లేదు. "నీ ముక్కలే చూసుకోకు హనీ, ఎదుటివాళ్లు ఎన్ని మార్చారో చూడు. బాగాలేకపోతే పడేయ్" అనేది. పడెయ్యడం నేర్చుకున్నా.

శుక్రవారం ఆఖరి ఆట. నా కుప్పే పెద్దది. చేతిలో మూడు రాణులు! పెద్దావిడ ఒక్క ముక్కా మార్చకుండా తన గుండీలన్నీ మధ్యలోకి తోసింది. మిగతావాళ్లు పడేశారు. మార్చలేదంటే ఆమెకి గట్టి ముక్కలన్నా ఉండాలి, ఉత్తి బెదిరింపన్నా అయ్యుండాలి. కాసి ఓడితే నా శనివారం గోవిందా. పడేస్తే, మధ్యలోవి ఆమెకి పోయినా నా కుప్పే పెద్దది.

రాణుల్ని బోర్లా పెట్టేశా.

"భయమేసిందా హనీ? నా ముక్కలు చూడాలని లేదూ?"

"నాకు శనివారం కావాలి. నీ ముక్కలెందుకు?"

పగలబడి నవ్వింది. ముక్కలు మాత్రం చూపించకుండా కలిపేసింది.

టెస్టులో ఎడమకి తిరగాల్సిన చోట ఎదురుగా కార్లు ఆగకుండా వస్తన్నాయి. వెనకవాడు హారన్ మోగిస్తానే ఉన్నాడు. సందు దొరికిందాకా నేను కదల్లా. పాసయ్యా.

తిరిగొచ్చేటప్పుడు ఆయన కారు నేనే నడిపా, తోడొచ్చిన పక్కింటావిడ పక్క సీట్లో కూర్చుంది. ఇంటికి పోలా. నేరుగా బియ్యం కొట్టు ముందు ఆపా.