ఒకే బకెట్టు, రెండు గుడ్ల గుంటలు

విజయవాడలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పే రోజుల్లో, ప్రపంచంలో ముందుగా కాపాడుకోవలసిన చోట్లను ఎరుపు రంగులో చూపించే పటం ఒకటి క్లాసు గోడకు తగిలించాను. పడమటి కనుమలు ఎర్రగా ఉన్నాయి. మన కృష్ణానది సముద్రంలో కలిసే చోట మాత్రం ఏ రంగూ లేదు. "మా మడ అడవి అక్కర్లేదా మేడమ్?" అంది నాగాయలంక నుంచి వచ్చి హాస్టల్లో ఉండే సుజాత. "అన్నిటినీ ఒకేసారి కాపాడలేం కదమ్మా" అన్నాను గానీ, అన్నాక నాకే సిగ్గేసింది. ఆ అడవిని నేనెన్నడూ కళ్లతో చూడలేదు.

శనివారం మధ్యాహ్నం బస్సెక్కాను. చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా మూడు గంటలు, టికెట్టు ముప్పై రూపాయలు. పరీక్షలని సుజాత రాలేదు, ఇంటికి కబురు పెట్టింది. వాళ్ల నాన్న నాంచారయ్య గారు చేపల వేటకు వెళ్తారు, సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో వాటికి కాపలా కూడా కాస్తారు. ఆ రాత్రి వాళ్లింట్లోనే ఉండి, మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి ఆయన పడవలోనే బయల్దేరాం. బయటివాళ్లకు బాడుగ రెండొందలు, నన్ను మాత్రం డీజిలు డబ్బులు కూడా ఇవ్వనివ్వలేదు.

మడచెట్ల మధ్య గంటన్నర ప్రయాణించి ఒడ్డుకు చేరేసరికి, ఇసుకలో కొత్తగా రెండు తాబేళ్ల జాడలు కనిపించాయి. ఒక గుంట నీటి అంచున, ఇంకోటి పైన దిబ్బ మీద. గుడ్లను మళ్లీ ఇసుకలో పాతి పొదిగించే, దడి కట్టిన చోటు మైలు దూరం. ఎండెక్కకముందే చేర్చాలి, ఉన్నది ఒకే బకెట్టు.

"పైది తీద్దామండీ. జాడ పెద్దది, గుడ్లెక్కువుంటాయి" అన్నాను, పాఠం చెప్పే గొంతుతో.

"కిందదానికి మధ్యాన్నం పోటు దాకానే టైముందండీ. పైదానికి కుక్కల భయమే. అది కాసేపు ఆగుద్ది."

కింద గుంటలోని గుడ్లను తిప్పకుండా ఒక్కొక్కటే బకెట్లోకి సర్దారు. తర్వాత పడవలోంచి తన వల తెచ్చి, పై గుంట మీద మడతలుగా పరిచి, చుట్టూ మేకులు దిగ్గొట్టారు.

"మరి ఇవాళ వేట?"

"రేపు వెదుళ్లు తెచ్చి దడి కడతానండీ. ఇయ్యాళ్టికి వల దీనిదే."

వేసవి సెలవుల తర్వాత సుజాత కబురు తెచ్చింది. పై గుంటలోని పిల్లలు పాక్కుంటూ సముద్రంలోకి వెళ్లిపోయాయట. మేం మోసుకెళ్లిన గుడ్లలో ఒక్కటీ పిల్ల కాలేదట. నా ప్రాణం ఉసూరుమంది. "వదిలేస్తే అది ఎట్టాగూ నీటిపాలే, వచ్చే ఏడూ కింద గుంటే ముందు తీస్తానని మేడంగారికి చెప్పు" అన్నారట వాళ్ల నాన్న. ముందు దేన్ని కాపాడాలో పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పాను. వదిలేసినదాని మీద మన వల పరచాలని మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

మీరు వెళ్తే ఫిబ్రవరి, మార్చిలో వెళ్లండి. గుంట కనిపిస్తే తవ్వకండి. కాపలావాళ్లకు కబురు పంపి, వాళ్లు వచ్చేదాకా దాని పక్కనే కూర్చోండి.