వెనక నుంచి వచ్చే హారన్

పరుశురాం గళ్ల కాగితాన్ని గచ్చు మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు దారపు కండెలు బరువు పెట్టాడు. చీరల డిజైన్లు గీసే కాగితం అది. దాని మీద మామూలుగా పువ్వులో నెమళ్లో గీస్తారు. అతను సముద్రపు ఒడ్డు గీశాడు. గడికి ఐదు కిలోమీటర్లు. హజీరాలో మోటార్‌సైకిలును ఓడెక్కించడం, అవతల ఘోఘాలో దిగడం, అక్కణ్నుంచి భావనగర్, మహువా, దీవ్, సోమనాథ్, పోర్‌బందర్, ద్వారక. ఏడు రోజులు. మొగుడూ పెళ్లాం ఇద్దరే. రోజుకో ఎర్రగీత.

భాగీరథి గుమ్మంలో కూర్చుని చీరకు రాళ్లు అతికిస్తూ ఆ గీతల వంక చూస్తోంది. ఆమె ధ్యాస మాత్రం మొన్న ఆదివారం ఉన్ అనే ఊరి దగ్గర జరిగిన దాని మీదే ఉంది.

పదేళ్ల పాత బండి, అంత దూరానికి తట్టుకుంటుందో లేదో చూద్దామని ఇద్దరూ సూరత్‌లో తాముండే వడోద్ నుంచి సచిన్ ఊరి దాకా వెళ్లి తిరిగి వస్తున్నారు. వెనక ఒక ట్యాంకరు పడింది. డ్రైవరు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. పరుశురాం రోడ్డు మధ్యలో, ఊరేగింపులో పోతున్నట్టు నింపాదిగా పోతున్నాడు. భాగీరథి పక్కకు తియ్యమని అరిచింది. తియ్యలేదు. భుజం మీద నుంచి తల ముందుకు పెట్టి మళ్లీ అరిచింది. లాభం లేకపోయింది. ఆఖరుకు వీపు మీద గుద్దితే, ఆమెకేదో అవసరం పడిందనుకుని ఎడమ పక్కకు తీసి ఆపాడు. ట్యాంకరు ఆమె మోచేతికి జానెడు దూరంలో నుంచి పోయింది. డ్రైవరు తల బయటపెట్టి తల్లినీ చెల్లినీ కలిపి తిట్టాడు. పరుశురాం పోతున్న ట్యాంకరును చూసి, వెనక్కి తిరిగి అన్నాడు.

"హారన్ గూడ కొట్టడు, బద్మాష్."

ఆ మాట విన్నాక ఇంటిదాకా ఆమె మెడ వెనక్కి తిప్పి రోడ్డు చూస్తూనే కూర్చుంది.

మర్నాడు పొద్దున అతను వాకిట్లో బండి కడుగుతుంటే ఆమె వెనక నిలబడి చూసింది. చాయ్ అయిందని చెప్పింది. తిరగలేదు. వెనక టైరులో గాలి లేదంది. తిరగలేదు. సిలిండరు లీకవుతోందని, ఇల్లు అంటుకుంటుందని మామూలు గొంతుతోనే అంది. ఎదురింటి పద్మారాణి కిటికీ తెరిచి, ఏ సిలిండరు అక్కా, మీదా మాదా అని కంగారుగా అడిగింది. పరుశురాం మగ్గు కోసం ఇటు తిరిగి, భార్య మొహం చూసి, చాయ్ అయిందా అన్నాడు.

ముప్పై ఏళ్లు మరమగ్గాల మధ్య, రోజుకు పన్నెండు గంటలు పనిచేసిన మనిషి. నడుస్తున్న కార్ఖానాలో గొంతు పనిచెయ్యదు. అక్కడ అందరూ పెదవులు చూసి మాట అందుకుంటారు, వేళ్లతో జవాబిస్తారు. అలవాటైపోయి ఇళ్లలోనూ అరుస్తారు. అందుకే ఆ గల్లీలో ఎవరి చెవులు ఎంత పోయాయో ఎవరికీ తెలియదు. ఎదురుగా నిలబడితే పరుశురాం ఒక్క మాట వదలడు. ఇరవై ఆరేళ్ల కాపురంలో భాగీరథి అతనితో ఎదురుగానే మాట్లాడింది. ఆ రోజు చాన్నాళ్లకు మోటార్‌సైకిలు మీద వెనక కూర్చోకపోతే ఆమెకూ తెలిసేది కాదు.

అతనికి తెలుసా? అదే ఆమెను తినేస్తున్న ప్రశ్న. ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఫోన్ మోగితే సిగ్నల్ లేదంటూ కూతురు సంధ్య చేతికిస్తాడు. పెళ్లిళ్లకు పోతే గోడకు వీపు ఆనించి, అందరి మొహాలూ కనపడేలా కూర్చుంటాడు. కార్ఖానాలో అతను మాస్టరు, చెడిన మగ్గాలు బాగుచేసేవాడు. మగ్గం మొరాయిస్తే మిగతా మాస్టర్లు చప్పుడు విని రోగం చెబుతారు. పరుశురాం ఇనుప చట్రం మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని చెబుతాడు. చేతిలో విద్య ఉందని అంతా మెచ్చుకుంటారు. ఆమె కూడా మెచ్చుకుంది.

అందువల్లే ఎవరికీ చెప్పుకునే దారి లేదు. చెవులు వినపడని మాస్టరును కార్ఖానా యజమాని శేఠ్ ఉంచుకోడు. ఆ చోటు కోసం సోమలింగం ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాడు. పక్కగల్లీ వాడే, అదే కార్ఖానాలో మగ్గాలు నడుపుతాడు. వరాఛాలో కొలువు చేసే సంధ్యకు చెబితే ఒక్క మాటతో ప్రయాణం ఆపిస్తుంది, కానీ ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు.

పోనీ, నేను రానని అనెయ్యొచ్చు. అదీ ఆమెకు చేతకావడం లేదు. తనకు పందొమ్మిదేళ్లప్పుడు సిరిసిల్ల వైపు పల్లె నుంచి, సముద్రం ఉన్న ఊరికి తీసుకుపోతున్నానని చెప్పి అతను సూరత్ తెచ్చాడు. మొదటి ఆదివారం డుమస్ ఒడ్డుకు తీసుకుపోయాడు. నల్ల ఇసుక, బురద నీళ్లు. ఇదేనా అని అడిగింది. ఇది కాదు, ఇంకోటుంది, చూపిస్తా అన్నాడు. ఆ తర్వాత ప్రతి దీపావళి సెలవులూ ఊరి రైలుకే పోయాయి. ఈ ఏడు ఊరికి టికెట్లు తియ్యలేదు. అతను ఆ ఒడ్డును గడి గడిగా గీస్తుంటే ఆమెకూ ఆశ పుట్టింది. అసలు చిక్కు అదే.

బస్సులో పోదామంది. బస్సు నువ్వు ఆపమన్న చోట ఆగుతుందా అన్నాడు. రైలంది. రైలు ఒడ్డు వెంట పోతుందా అన్నాడు. సంధ్య వంగి గీతల పక్కన రాసిన వేళలు చూసి, పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా ఒకటే గీత ఉందేమిటని అడిగింది.

"బాపూ, ఇది ట్రిప్పా, డ్యూటీనా? తినుడు ఎక్కడ?"

"అర్ధగంట ఉంది సూడు, మధ్యల."

"కార్ఖానాల ఇచ్చే అర్ధగంటే గదా. నీకు శేఠ్ లేకున్నా శేఠే."

అతను కూతురి పెదవులు చూసి నవ్వాడు. భాగీరథికి నవ్వు రాలేదు. పన్నెండు గంటలు, తెలియని రోడ్డు, వెనక లారీలు. ఆమె కూడా స్కూటీ నడుపుతుంది. సంధ్య బస్సుల్లో తిరగడం మొదలుపెట్టాక ఆ బండి తల్లి చేతికొచ్చింది. దాని మీదే పాండేసరా పోయి చీరల మూటలు తెచ్చుకుంటుంది. రోడ్డు మీద సగం చూపు చెవుల్లోనే ఉంటుందని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

దీపావళికి రెండు రోజుల ముందు కార్ఖానా మూసేశారు. సెలవులిచ్చే రోజు శేఠ్ మగ్గాలకు పూజ చేయించి, పనివాళ్ల ఇంటివాళ్లను కూడా పిలిచి మిఠాయి డబ్బాలు పంచుతాడు. భాగీరథి లోపల అడుగుపెట్టింది. మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. మూలన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు కూడా వినపడుతోంది. మగ్గాలు నడిచేటప్పుడు అందరూ చెవిటివాళ్లే. ఆగినప్పుడే అసలు చెవిటివాడు బయటపడతాడు.

పరుశురాం అటు తిరిగి ఒక మగ్గానికి బంతిపూల దండ కడుతున్నాడు. శేఠ్ వెనక నుంచి పిలిచాడు.

"పరుశురామ్ భాయ్."

దండ ముడి వేస్తున్నాడు. శేఠ్ రెండోసారి కాస్త గట్టిగా పిలిచాడు. మిఠాయి నములుతున్న సోమలింగం నమలడం ఆపి చూస్తున్నాడు. మూడోసారి పిలిచేసరికి నలుగురైదుగురు తలలు తిప్పారు. భాగీరథి పరుగెత్తలేదు. పరుగెత్తితే తెలిసిపోతుంది. మగ్గం చుట్టూ నడిచి వచ్చి భర్త ఎదుట నిలబడి, కళ్లతో వెనక్కి చూపించింది. అతను వెంటనే తిరిగి చేతులు జోడించాడు. పూజ మీద ఉంటే ఈయనకు లోకం పట్టదని ఆమె తన వచ్చీరాని హిందీలో శేఠ్‌కు చెప్పింది. శేఠ్ మెచ్చుకోలుగా తల ఊపి బొట్టు పెట్టాడు. సోమలింగం మాత్రం చాలాసేపటి దాకా మళ్లీ నమలలేదు.

బయట గోడ పక్కన బండి స్టార్టు చేసి, ఎక్కమన్నట్టు తల ఊపాడు పరుశురాం. ఆమె ఎక్కలేదు. చెయ్యి చాపి తాళం తిప్పి ఇంజను ఆపేసింది. ఎదురుగా వచ్చి నిలబడి, పెదవులు మాత్రం కదిపింది. గొంతు కలపలేదు. హజీరాలో ఓడ ఎన్ని గంటలకని అడిగింది.

"పొద్దుగాల ఎనిమిదింటికి. గంట ముందుగాలనే ఉండాలె. ఎన్నిసార్లడుగుతవ్?"

దీవ్‌లో ఎన్ని రోజులని అడిగింది, అలాగే.

"ఒక్కటే. చెప్పిన గద."

గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ వీళ్లనే చూస్తున్నాడు. మగవాడి మాట ఒక్కటే వినపడుతోంది అతనికి. భాగీరథి భర్త కుడిచేతిని పట్టుకుని, అరచేతిని తన గొంతు మీద పెట్టుకుంది. మళ్లీ పెదవులు కదిపింది. నీకు ఎప్పటినుంచి వినపడటం లేదు?

ఇనుములో సన్నటి వణుకును పట్టుకునే చెయ్యి అది. ఆ చేతి కింద గొంతు బండరాయిలా ఉంది. పరుశురాం చెయ్యి తీసుకున్నాడు. అప్పుడామె గొంతు విప్పింది.

"మూడు మాటలడిగిన. ఒక్కటన్న బయటికి రాలే. నువ్వు మూడూ ఇన్నవ్."

అతను వాచ్‌మన్ వైపు చూసి, బండి స్టాండు వేసి, మెల్లగా అన్నాడు.

"రెండేండ్లాయె. ముంగటికెల్లి జర వస్తది. ఎనుకకెల్లి ఏం రాదు."

"తెలిసి నన్నెట్ల ఎక్కిచ్చుకున్నవయ్యా?"

"నువ్వు ఇంటవు గద అనుకున్న."

"నేనిన్న. అరిసిన. అది నీకు ఇనవడలే."

అతను స్టాండు తీశాడు. బండి నడపకుండా తోసుకుంటూ వడోద్ దాకా నడిచారు. దారిలో కలిసినవాళ్లు పెట్రోలు అయిపోయిందా మాస్టరూ అని అడిగితే అవునన్నాడు. ఎవరికి తెలుసని ఒక్కసారి అడిగాడు. ఎవరికీ తెలియదని చెప్పింది. సోమలింగం సంగతి ఎత్తలేదు. ఇంటి మలుపులో ఆగి, తాను నడుపుతానని, స్కూటీ మీద పోదామని అంది.

"నీ ఎనుక కూసోవాల్నా నేను? గల్లీ అంత నవ్వుతది."

"నవ్వని. నీకు ఇనవడదు గద."

అనేశాక తనే ఉలిక్కిపడింది. అతని మొహం ఎర్రబడింది. బండి తోసుకుంటూ ముందు పోయాడు. మర్నాడు మధ్యాహ్నం దాకా అతను వాకిట్లో మోటార్‌సైకిలు విప్పి మళ్లీ బిగించాడు. అక్కర లేని పని. ప్రయాణం పోయిందనే అనుకుంది భాగీరథి. పోతే పోనీ, మనిషి దక్కాడని చెప్పుకుంది. ఆ మాట తనకే అతికినట్టు లేదు.

సాయంత్రం అతను గళ్ల కాగితం తీసి తిరగేశాడు. ఓడ లేదు, ద్వారక లేదు. ఈ వైపు ఒడ్డే, దక్షిణానికి. దాండీ, తీథల్, దమణ్, నార్‌గోల్. నీ బండి ఎంత దూరం పోతుందని, ఎన్నిసార్లు ఆగాలని, మొహం ఎత్తకుండా అడిగాడు. ఎత్తకపోతే జవాబు అందదని గుర్తొచ్చి ఎత్తాడు. రోజుకు యాభై, హైవే వద్దు, లోపలి రోడ్లే అని చెప్పింది. ఎర్రగీతలు పొట్టివయ్యాయి. మధ్యలో ఖాళీ గళ్లు వదిలాడు. సంధ్య వచ్చి ప్లాన్ ఎందుకు మారిందని అడిగితే, ఓడంటే నాకు భయం బిడ్డా అంది తల్లి.

ఒక షరతు కూడా పెట్టింది. సెలవులయ్యాక ముందు చెవుల డాక్టరు, ఆ తర్వాతే కార్ఖానా. అతను ఒప్పుకోలేదు.

"చెవుల మిషన్ పెట్టుకుంటె అందరికి కనవడ్తది."

"లారీ కింద పడ్డా అందరికి కనవడ్తది."

చూద్దాం అన్నాడు. ఆ చూద్దాంను ఆమె నమ్మలేదు. కానీ ఇంకా తోస్తే మనిషి మళ్లీ గోడకు ఆనుకుంటాడని ఊరుకుంది.

బయలుదేరే పొద్దున గల్లీలో అందరూ లేచే ఉన్నారు. భాగీరథి కొంగు బిగించి స్కూటీ స్టార్టు చేసింది. పరుశురాం అలవాటు కొద్దీ హెల్మెట్ పెట్టుకుని, సంచీ భుజానికి తగిలించుకుని, ఇటూ అటూ చూసి, కాలు తిప్పి వెనక కూర్చున్నాడు. పద్మారాణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మలుపులో నిలబడ్డ సోమలింగం, వాళ్లు దాటగానే, వెనక నుంచి అన్నాడు.

"మాస్టరూ, చెవులేమన్న శేఠ్ దగ్గర తాకట్టు పెట్టినవా?"

అరుగుల మీద ఇద్దరు ముగ్గురు నవ్వారు.  పరుశురాంకు మాట అందలేదు, నవ్వే మొహాలు అందాయి. ఆమె భుజం తట్టాడు.

"ఏమన్నడు?"

ఆమె బండి ఆపింది. తన పెదవులు అతనికి కనపడేలా పూర్తిగా వెనక్కి తిరిగింది.

"మంచిగ పోయి రమ్మన్నడు."

పరుశురాం సోమలింగం వైపు ఒకసారి చూశాడు. తర్వాత ఆమె మొహం వైపు చూశాడు. హెల్మెట్ తీసి ఆమె చేతికిచ్చాడు.

"పెట్టుకో. ఎండ ముదురకముందే దాండీ చేరాలె."