బేగం తొట్టి ముచ్చట

నేను అబద్ధం ఆడాల్నని ఆడలే. కోపమొచ్చి ఆడిన. ఆదివారం పొద్దుగాల ఏడు కాకముందే ఇరవై మంది మా గల్లీలకు జొరబడి, మా అమ్మ ఇంటి ముంగట గుంపు కట్టి, దండెం మీద ఆరేసిన నా లంగాలను ఫొటోలు తీస్తుంటే మీరైతే ఊకుంటరా?

చార్మినార్ కాడికెళ్ళి నడిచొచ్చేంత దూరంలనే ఉంటది మా గల్లీ. నాకు పెండ్లయినా ఈ గల్లీ ఇడువలే, అమ్మోళ్ళ ఇంటికి రెండిండ్ల అవతలనే ఉంట. సర్కారు ఆఫీసుల క్లర్కును. ఆరు దినాలు కౌంటర్ల కూసోని జనం లొల్లి ఇంట, ఏడో దినం అమ్మ ఇంటికి పోయి బట్టలుతుకుత. గా ఏడో దినం మీదనే పడ్డరు ఈ హెరిటేజ్ వాక్ అనేటోళ్ళు. గచ్చిబౌలి దిక్కుకెళ్ళి వస్తరు, నెత్తికి టోపీ, చేతిల నీళ్ళ సీసా. వాళ్ళకు పాతదైతే చాలు. పగిలిన గోడను తీస్తరు, తుప్పు పట్టిన గొళ్ళెంను తీస్తరు. మా ఎదురింటి ముసలాయన బనీను తొడుక్కోని పండ్లు తోముకుంటుంటే ఆయనను గూడ నాలుగు దిక్కులకెళ్ళి తీసిన్రు.

వాళ్ళను నడిపించేటోడు ఒక పోరగాడు. చెవికి మైకు, నడుముకు స్పీకరు డబ్బా. ఇంగ్లీషు దంచుతడు. గా దినం మా అమ్మ ఇంటి వాకిట్లకు తొంగిచూసి, బర్రెలకు నీళ్ళు పెట్టే రాతి తొట్టిని చూసిండు. "ఆంటీ, ఈ తొట్టి ఎప్పటిదండీ? చాలా పాతదిలా ఉందే!" అన్నడు.

నా లంగాలు ఇంకా వాళ్ళ ఫోన్లల్లనే ఉన్నయి. నాకు మండింది. "ఇదా? ఇది బేగం తానం చేసిన తొట్టి బాబూ," అన్న.

నవ్వి పోతడనుకున్న. నవ్వలే. జేబులకెళ్ళి చిన్న బుక్కు తీసిండు! నాకు ఇగ హుషారొచ్చింది. "నవాబు గారి మూడో బేగం," అన్న. "మస్తు నాజూకు మనిషి. ఇంట్ల హమామ్, గదే తానాల గది, నచ్చకపోతే ఈడికొచ్చి గులాబ్ నీళ్ళల్ల కూసునేదట." తొట్టికి రెండు బొక్కలున్నయి గదా, అడుగున సిమెంటు పూసిందొకటి, పైన ఇంకోటి, గవేందని అడిగిండు. "ఒకటి వేడి నీళ్ళకు, ఒకటి చన్నీళ్ళకు," అన్న. అంతా రాసుకున్నడు. గుంపుల ఒకామె "వావ్" అని తొట్టి అంచు మీద చెయ్యి పెట్టి కండ్లు మూసుకున్నది. గా అంచు మీదనే జరసేపటి కింద మా బర్రె మూతి తుడుచుకున్నది. నేను లోపలికి పోయి కడుపు పట్టుకోని నవ్విన.

అసలు ముచ్చట చెప్పాలె గదా. గా తొట్టిని చేసింది మా బాపు. బాపు పాలమ్మేటోడు. సైకిల్‌కు రెండు దిక్కుల క్యాన్లు తగిలించి, మలక్‌పేట కాడికెళ్ళి బార్కస్ దాకా తిరిగేటోడు. నేను చిన్నగున్నప్పుడు కిషన్‌బాగ్ దిక్కు బండలు కొట్టేటోళ్ళ దగ్గర ఒక పెద్ద రాయి తెచ్చి వాకిట్ల పడేసిండు. పొద్దుమీకి పాలు పోసొచ్చినంక సుత్తె, ఉలి పట్టుకోని కూసునేటోడు. ఒక ఎండకాలం, ఒక వానకాలం కొట్టిండు. చేతులు పగిలినయి. నీళ్ళు పోనీకి కింద బొక్క గూడ మంచిగ పెట్టిండు. తీరా తొట్టిని నిలబెట్టేటప్పుడు, దూడ మూతికి అందాలె గదా అని, జానెడు భూమిల పాతిండు. బొక్క గూడ భూమిలకే పోయింది! గల్లీ అంతా వచ్చి నవ్విన్రు. బాపు గూడ నవ్వి, గా బొక్కకు సిమెంటు పూసి, పైన ఇంకోటి కొట్టిండు. అందుకే ఇప్పటికీ ఆ తొట్టి అడుగున జానెడు నీళ్ళు నిలుస్తయి, చెంబుతోని ఎత్తి పొయ్యాలె. గిదీ వేడి నీళ్ళు, చన్నీళ్ళ చరిత్ర.

బాపు పోయి పన్నెండేండ్లయ్యింది. అమ్మకు ఇప్పుడు రెండు బర్రెలే ఉన్నయి. ఎవ్వలు చెప్పినా వాటిని అమ్మది.

మల్ల ఆదివారం గా పోరగాడు ముప్పై మందిని తెచ్చిండు. అమ్మ అరుగు మీద కూసోని పరేషానయ్యింది. "గింతమంది ఏం చూడనీకి వస్తున్నరే?" అని అడిగింది.

"తొట్టిని చూడనీకమ్మా."

"మీ బాపు చేసిన తొట్టినా?"

"ఆఁ," అన్న. గా మాటల అబద్ధం ఏమున్నది?

ఆమె మొఖం చూడాలె మీరు. పోయిన పన్నెండేండ్లల్ల గట్ల నవ్వంగ నేను చూడలే. "నేను అప్పుడే చెప్పిన, గల్లీ అంతా నవ్వినా నేను నవ్వలే," అన్నది. అది గూడ అబద్ధమే, అందరికన్న ఎక్కువ నవ్వింది ఆమెనే. గని ఎందుకు ఎదురు చెప్పాలె?

ఇగ చూడున్రి, అప్పటిసంది అమ్మకు ఆదివారమంటే పండుగ. శనివారం పొద్దుమీకి కొబ్బరి పీచుతోని తొట్టిని రుద్ది కడిగేది. ఆదివారం పొద్దుగాల తానం చేసి, మంచి చీర కట్టి, తొట్టికి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టేది. మొగని చేతి పని గదా, మొక్కుకున్నట్టు. గా పోరగాడు బొట్లను చూసి నా దిక్కు తిరిగిండు. "ఆంటీ, ఇక్కడివాళ్ళు ఇప్పటికీ బేగంను పూజిస్తారా?" నేను తల ఊపిన. ఏం చెయ్యాలె? అప్పటికే బండి గుట్ట దిగుతున్నది, బ్రేకులు లేవు. మల్ల వారం నుంచి గదీ కథలకు ఎక్కింది. ఇంకొక తాపన, "బర్రెను కొంచెం అటు కట్టెయ్యమని అమ్మకు చెప్పండి, ఫొటోలో పడుతోంది," అన్నడు. అమ్మ సంబురంగ కట్టేసింది. మీ బాపు పని మంచిగ కనవడాలె గదా అన్నది.

అమ్మకు ఇంగ్లీషు రాదు. ఉర్దూ మాత్రం నీళ్ళు తాగినట్టు మాట్లాడుతది. వాడు ఇంగ్లీషుల "క్వీన్, క్వీన్" అనేటోడు. ఒకసారి అడిగింది, క్వీన్ అంటే ఏందని. గొప్పది అని అర్థమమ్మా అన్న. మస్తు ఖుషీ అయ్యింది.

రెండు నెలలయినంక పోరగాడు చెప్పిండు, గోడకు బోర్డు పెడుతున్నమని. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, మూడింట్ల రాయిస్తరట. అమ్మ తెలుగు కూడబలుక్కోని చదువుతది.

బోర్డు పెట్టే ముందటి దినం, శనివారం, వాణ్ణి చౌరస్తాల ఇరానీ హోటల్‌కు పిలిచిన. చాయ్ తాపించి, ఉస్మానియా బిస్కట్లు తినిపించి, నిజం చెప్పిన. "బాబూ, బేగం లేదు, గీగం లేదు. అది మా బాపు చేసిండు. నేను ఊకనే చెప్పిన."

వాడు నవ్విండు. "ఆంటీ, మీరు మొహమాటపడుతున్నారు. నేను క్రాస్ చెక్ చేశాను. లాడ్ బజార్‌లో గాజుల షాపాయన కూడా ఇదే చెప్పారు. ఈ హోటల్ సేట్ కూడా చెప్పారు."

కౌంటర్ల కూసున్న సేట్ దిక్కు చూసిన. ఆయన గంభీరంగ తల ఊపిండు. "హమారే దాదా భీ బోల్‌తే థే," అన్నడు. వాళ్ళ తాత గూడ చెప్పేటోడట! నేను నోటితోని పుట్టించిన బేగంను వాళ్ళ తాత ఎప్పుడు చూసిండో, యా అల్లా! నా అబద్ధం ఊరంతా తిరిగి, పెద్ద మనిషై, నాకే ఎదురొచ్చింది.

"అయినా ఆంటీ," అని వాడు చిన్నగ అన్నడు, "పాలాయన తొట్టి చూడ్డానికి ఆదివారం పొద్దున్నే ఆరింటికి ఎవరు లేస్తారు చెప్పండి?"

నాకు వాణ్ణి చెంప మీద ఒకటి ఇయ్యాలనిపించింది. గని గా మాటను ముందుగాల అనుకున్నది నేనే గదా. లేచి వచ్చిన.

గా దినమే అమ్మకు చెప్దామని మూడుసార్లు పోయిన. మొదటిసారి ఆమె కోవ కలుపుతున్నది, రేపొచ్చేటోళ్ళకు పంచనీకి. రెండోసారి పక్కింటి ఖాలాను పిలుస్తున్నది, "రేపు తప్పక రావాలె, మా ఇంటాయన పేరు మీద బోర్డు పెడుతున్నరు," అని. మూడోసారి నన్నే అడిగింది, "బోర్డు మీద మీ బాపు పేరు పెద్దగ రాయిస్తున్నరా బిడ్డా? పెద్దగ రాయమను, నాకు కండ్లు సరిగ ఆనయి." నేను, "రాయిస్తున్నరమ్మా," అని ఇంటికొచ్చి దుప్పటి కప్పుకున్న. గంత పిరికిదాన్ని నేను.

ఆదివారం వాకిలి నిండింది. అమ్మ ఆకుపచ్చ పట్టుచీర కట్టింది. అందరి చేతులల్ల కోవ పెట్టింది. పోరగాడు బోర్డు మీద గుడ్డ తీసిండు, అందరు చప్పట్లు కొట్టిన్రు, అమ్మ గూడ కొట్టింది. గా తర్వాత అద్దాలు సదురుకోని బోర్డు దగ్గరకు పోయి, వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. నేను ఆమె వేలునే చూస్తున్న. వేలు మొదటి మాట, "బేగం" మీద ఆగింది. మల్ల వెనక్కి పోయి చదివింది. ఆఖరు దాకా చదివింది. బాపు పేరు ఎక్కడన్న ఉన్నదేమోనని బోర్డు వెనక గోడ దిక్కు గూడ చూసింది.

"బేటా," అన్నది పోరగానితోని, "యె బేగం కౌన్ హై? కిధర్ సే ఆయీ?" గీ బేగం ఎవలు, ఏడికెళ్ళి వచ్చిందని.

వాడు హిందీల మర్యాదగ చెప్పిండు, నవాబు గారి మూడో బేగం, గులాబ్ నీళ్ళు, వేడి నీళ్ళ బొక్క. అమ్మ మొత్తం ఇన్నది. "నై బేటా," అన్నది. "ఇది మా ఇంటాయన చేసిండు. నేను పక్కన కూసోని దీపం పట్టిన."

పోరగాడు పాపం మంచోడే, జేబులకెళ్ళి బుక్కు తీసి అడిగిండు, "అమ్మా, మీ ఆయన పేరేంటండీ?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. మా అమ్మ మొగని పేరు ఎన్నడూ పలకలే. ఆ కాలం ఆడోళ్ళు పలకరు. రేషన్ కార్డు కాడైనా, ఓట్ల లిస్టు కాడైనా, దవాఖానల ఆఖరు దినం డాక్టర్ అడిగినప్పుడైనా, ఆమె నా దిక్కు చూసేది, నేను చెప్పేదాన్ని. ఇప్పుడు గూడ నా దిక్కే చూసింది. "చెప్పు బిడ్డా," అన్నది. ఆమెకు ఏ అనుమానం లేదు నా మీద.

"అమ్మా, గా బేగం ముచ్చట నేనే పుట్టించిన," అన్న.

అమ్మ గట్టిగ ఒర్రుతదనుకున్న. ఒర్రలే. నా మొఖంలకు చూసి, నెమ్మదిగ అడిగింది: "ఎందుకే? పాలమ్మేటోడని చెప్పనీకి నామోషీ అనిపించిందా?"

ఊకనే అన్ననని చెప్పొచ్చు. కోపమొచ్చి అన్ననని చెప్పొచ్చు. బడిల పోరగాండ్లు "పేడ వాసనొస్తుంది" అని నా పక్కకెళ్ళి జరిగి కూసున్న దినాలు నాకు గుర్తొచ్చినయి. ఆఫీసుల "మీ నాయిన ఏం జేసేటోడు?" అని అడిగితే "బిజినెస్" అని చెప్పిన మాట గుర్తొచ్చింది. నాకు ఏడుపాగలే. "అయ్యిందమ్మా," అన్న. "నామోషీ అయ్యింది."

ఆమె చెయ్యి చాపి నా మొఖం మీది నీళ్ళు తుడిచింది, తొట్టికి రాసిన పసుపు ఆ చెయ్యికి ఇంకా అంటుకోనే ఉన్నది. "ఇప్పుడు చెప్పు మరి," అన్నది.

చెప్పిన. ఇంటిపేరుతోని సహా బాపు పేరు చెప్పిన. పాలమ్మేటోడని చెప్పిన. మైకు లేకున్నా గల్లీ మూల దాకా ఇనవడేటట్టు చెప్పిన. పోరగాడు బుక్కుల బేగంను కొట్టేసి, బాపు పేరు రాసుకున్నడు. వెనక ఎవరో మెల్లగ జారుకున్నరు, పోనీ. అమ్మ కండ్లు మూసుకోని నిలబడ్డది.

"ఇంకోపారి అను బిడ్డా," అన్నది. "ఆయన పోయినంక గా పేరు పెట్టి ఎవ్వలూ పిలుస్తలేరు."

మల్ల చెప్పిన.