ఆకలి తీరిన డేగ

మా పక్కింటి డాక్టర్ అంకుల్ పోయారని సోమవారం పొద్దున ఆంటీ ఫోన్ చేసి చెప్పారు. మేముండే ఈ అమెరికా ఊరు నోవైలో ఇంకా మంచు కరగలేదు. ఆఫీస్‌కి బయలుదేరబోతున్నదాన్ని కారు ఆపేసి వాళ్ళింటికి నడిచాను. ఈ ఊళ్ళో మంచు మీద కారు నడపడం నాకు ఓపిగ్గా నేర్పింది ఆయనే. అది ఎప్పటికీ మరిచిపోలేను.

రిటైరయ్యాక తోటి డాక్టర్లు గోల్ఫ్ ఆడుకుంటుంటే, ఈయన డేగను పెంచడానికి లైసెన్స్ తీసుకుని ఒక అడవి డేగను పట్టారు. గుండె డాక్టర్‌కి ఇదేం పిచ్చి అని మేమంతా నవ్వుకున్నాం. పెరటి షెడ్డులో ఉంచి, రోజూ దాన్ని తూచి, ఆ బరువు పెరగకుండా కొలిచి తిండి పెట్టేవారు. తోలు గ్లవ్ తొడుక్కున్న పిడికిలి మీద కౌజుపిట్ట మాంసం ముక్క పెట్టి విజిల్ వేసేవారు. మొదట్లో అది కాలికి పొడవాటి తాడుతో వచ్చి వాలేది. తర్వాత తాడు లేకుండానే పార్క్ చెట్ల మీంచి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ చిన్న ముక్క, అంతే.

"మీరంటే దానికెంత ప్రేమో అంకుల్," అన్నాను ఒకసారి.

"ప్రేమా పాడా. ఆకలమ్మా. ఆ ఆకలి ఉన్నంతవరకే నా విజిల్ దానికి వినపడుతుంది," అన్నారు, డేగ మీంచి చూపు తిప్పకుండా. నాకెందుకో ఆ మాట నచ్చలేదు.

ఇంట్లోకి గుడ్డు కూడా రానివ్వని ఆంటీ, ముక్కుకి స్కార్ఫ్ కట్టుకుని గరాజ్‌లో ఆ ముక్కలు కోసేవారు. "ఈ ఉద్యోగం గురించి పెళ్ళిచూపుల్లో చెప్పలేదమ్మా," అనేవారు.

ఈ చలికాలం మొదట్లో ఆయనకి కేన్సర్ అని తేలింది. తిండి సహించడం మానేసింది. చొక్కాలు వేలాడసాగాయి. ఆయన హాస్పిటల్లో ఉన్న రోజుల్లో డేగకి ఆంటీయే తిండి పెట్టారు. తూచలేదు, అది తిన్నంతా పెట్టారు. "ఇంట్లో ఒక్కరైనా కడుపునిండా తింటుంటే చూడాలనిపించింది," అన్నారు నాతో.

ఇంటికొచ్చిన మర్నాడే ఆయన పార్క్‌కి వెళ్దామని పట్టుబట్టారు. డేగను పిడికిలి మీదికి తీసుకోగానే ఒక్క క్షణం ఆగారు. పెరిగిన బరువు ఆయనకి తెలిసిపోయింది.

"తూచి చూద్దామా అంకుల్?"

"వద్దు. డ్రైవ్ చెయ్యి."

వదిలిన డేగ ఎత్తయిన కొమ్మ మీద కూర్చుంది. ఆయన విజిల్ వేశారు. అది ఆయన్నీ, చేతిలోని ముక్కనీ చూసింది. కదల్లేదు. మళ్ళీ విజిల్ వేయడానికి ఆయనకి ఊపిరి చాల్లేదు. వెలుగు తగ్గుతుండగా అది చెట్ల అవతలికి ఎగిరిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెతికినా కనపడలేదు.

"నా వల్లే కదండీ," అని మాతో పార్క్‌కి వచ్చిన ఆంటీ అక్కడే ఏడ్చారు.

"నీ తప్పేం లేదే. దానికి ఆకలి తీరింది. పద," అన్నారాయన. ఆ గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది.

ఆ ఫోన్ రావడానికి ముందురోజు, ఆదివారం, నేను వెళ్ళేసరికి ఆంటీ మంచం పక్కన కూర్చుని పెరుగన్నం ముద్ద పట్టుకుని ఉన్నారు. "ఈ ఒక్క ముద్దండీ," అన్నారు. ఆయన ఆ ముద్దనీ, ఆవిడనీ నెమ్మదిగా చూసి, మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. ఆంటీ చెయ్యి దించలేదు. పెరుగు వేళ్ళ సందుల్లోంచి మణికట్టు దాకా కారుతున్నా, ఆ చెయ్యి అలాగే ఉంది.