పెద్దమ్మ అనని మాట

కిందటి బుధవారం మా పెద్దమ్మ చనిపోయింది. ఫోన్ వచ్చేసరికి కాలేజీలో ఎంబీఏ పిల్లలకు పాఠం చెబుతున్నాను. జనం తమంతట తాము నడుపుకునే సంస్థల గురించి, సిగ్గులేకుండా. ఆమె నడిపిన సంఘాన్ని ముంచింది నేనే. కాబట్టి ఈ నాలుగు మాటలు ఏ ముఖం పెట్టుకుని రాస్తున్నానో నాకే తెలియదు.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డులో, ఇరవై మంది ఆడవాళ్లతో ఆమె కుట్టు సంఘం పెట్టింది. ఉక్కునగరం వైపు పనిచేసే కాంట్రాక్టు కార్మికులకు యూనిఫారాలు కుట్టేవారు. పెద్దమ్మ పని గుడ్డ కత్తిరించడం. మెడలో టేపు తీయకుండానే చర్చికి వెళ్లిపోయేది. పాస్టరుగారు నవ్వితే, "ప్రబువుకీ ఓ జత కుడదామని బాబూ" అనేది.

సంఘంలో ఒక కట్టుబాటు ఉండేది. సోమవారం పొద్దున్న పని మొదలుపెట్టకముందు అందరూ నేల మీద కూర్చోవాలి. ఏ సంగతైనా ఒక్కరు వద్దంటే ఆ వారానికి ఆగాల్సిందే. ఓసారి కొత్తగా చేరిన మనిషి యూనిఫారం కాలరుకు వాడుతున్న గట్టి గుడ్డ వద్దంది. తక్కినవాళ్లు విసుక్కున్నారు. పెద్దమ్మ మాత్రం, "వద్దన్న మనిసి మాట ముందినండే. సరేనన్నోలు ఎక్కడికి పోతారు?" అంది. తీరా చూస్తే, ఆ యూనిఫారమే వేసుకుని ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే కొత్తామె భర్తకు, ఫర్నేసు వేడిలో ఆ గుడ్డ ఒరుసుకుని మెడ పుండైపోయింది. అది ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. వెంటనే గుడ్డ మార్చారు.

పరిశోధన కోసం ఏడాది అక్కడే తిరిగి, ఇదంతా కళ్లారా చూసి, నేను నా థీసిస్‌లో ఏం రాశానో తెలుసా? 'నిర్ణయాల్లో జాప్యం' అని! ఐదుగురితో కమిటీ వేసుకుంటే, ముగ్గురు ఊఁ అంటే చాలని రాశాను. రాసి ఊరుకున్నానా? ఒక సోమవారం చార్టులు పట్టుకెళ్లి వాళ్ల మధ్య కూర్చుని చెప్పాను.

"మన పిల్ల, సదువుకున్న పిల్ల. మనకి సెడ్డ సెప్తాదేటి?" అన్నారెవరో. పెద్దమ్మ అలవాటు ప్రకారం అడిగింది, వద్దనేవాళ్లున్నారా అని. అందరూ ఆమె వైపే చూశారు. ఆమె టేపు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఎవరూ వద్దనలేదు. నేను పొంగిపోయాను, ఛీ.

తర్వాత ఒక కాంట్రాక్టరు పెద్ద ఆర్డరు తెచ్చాడు. అడ్వాన్సుకు మిషన్లు హామీ పెట్టమంటే కమిటీలో ముగ్గురు ఊఁ అన్నారు. తమ మాట అడిగేవాళ్లే లేనప్పుడు సోమవారాలు కూర్చోవడం ఎందుకని తక్కినవాళ్లు రావడం మానేశారు. ఆర్డరు గడువు దాటింది, మిషన్లు అతనివయ్యాయి. అదే షెడ్డులో, అదే ఆడవాళ్లు ఇప్పుడు అతని దగ్గర కూలికి కుడుతున్నారు. నాకు డాక్టరేటు వచ్చింది. పెద్దమ్మ ఆ పట్టా ఇచ్చే సభకు వచ్చి ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఒక్కనాడూ దెప్పలేదు. నాలుగు తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

నిన్న మధ్యాహ్నం జ్ఞాపకార్థ కూడికలో ప్రార్థన అయ్యాక భోజనాలకు కూర్చున్నాం. ఇన్నేళ్లూ పెద్దమ్మ గుడ్డ కత్తిరించే చోటు పక్కనే మిషన్ మీద కుట్టినామె నా చెయ్యి పట్టుకుంది.

"సెప్పకూడదు గాని పాపా, సెప్పకపోతే నాకు ముద్ద దిగదు. నువ్వు సార్టులు తెచ్చిన నాడు మీ పెద్దమ్మ వద్దనడానికే వచ్చింది. దారంతా నాతోటి అదే మాట. తీరా నీ మొకం సూసీసరికి నోరు రానేదంట. 'నానొద్దంటే దాని సదువేటైపోద్దే?' అంది."

అంతమంది ముందు భోరుమన్నాను. అందరి వద్దునూ కాపాడిన మనిషి తన వద్దును నా కోసం మింగేసింది. ఇప్పుడు నేను ఎవరి కాళ్లు పట్టుకోను?

సంఘం ఆడవాళ్ల విస్తళ్లలో అన్నం సగమైనా తరగలేదు. వీధిలో కాంట్రాక్టరు పంపిన ఆటో హారన్ కొట్టింది. అతనిచ్చిన సెలవు రెండు గంటలేనట. ఒకరి మొహం ఒకరు చూసుకుని లేచారు. కుళాయి దగ్గర వరస పెరిగింది, హారన్ మళ్లీ మోగింది. వెనకున్నవాళ్లు ఎంగిలి చేతులు కొంగులకు తుడుచుకుంటూనే ఆటో ఎక్కారు.