నా క్రోమోజోములూ, ఆకివీడు చేపలూ

కొర్రమీను పులుసు మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నేను ఒట్లు తేలిగ్గా వేసే మనిషిని కానని తాడేపల్లిగూడెంలో ఎవరినైనా అడగండి, మా ఆవిడను తప్ప. ఒక్క మనిషి ఆరోగ్యం బాగుచేసుకోబోతే ఒక ఊరు ఎలా అల్లకల్లోలమైందో వినండి.

మా ఆవిడ అన్నగారు ఏలూరులో జువాలజీ లెక్చరర్. ఆకివీడు పక్కన వాళ్ళ ఊరికి వెళ్ళినప్పుడు, భోజనాల దగ్గర ఆయన పాఠం అందుకున్నారు.

"మన కణాల్లో క్రోమోజోములుంటాయి కదండీ బావగారూ, వాటి కొసలకి బూటు లేసు చివర ఉన్నట్టు తొడుగులుంటాయి. వయసు పెరిగేకొద్దీ అరిగిపోతుంటాయి. క్రమం తప్పకుండా పరుగెత్తేవాళ్ళకి కాస్త నిదానంగా అరుగుతాయేమో అంటున్నారు."

"అయితే రేపే మొదలండీ!"

"మీరా? ముప్పై నిమిషాలు ఆగకుండా పరుగెత్తండి చూద్దాం. ఆగారో, ఆ మీసం తీసేయాలి."

ఇరవై ఏళ్ళుగా రంగేసి సాకుతున్న మీసమండీ అది! ప్రాణం పోయినా ఆగకూడదనుకున్నాను.

మర్నాడు మబ్బు పట్టిన తెల్లవారుజామున చెరువుగట్టెక్కాను. మూడు నిమిషాలకే నా ఊపిరి పాత డీజిల్ ఇంజనులా కొట్టుకుంటోంది. ఎదురుగా ఒక రైతు.

"ఏవండీ, ఏమైందండీ? చేపలు పైకి తేలిపోయాయాండీ?"

జవాబు చెప్పాలంటే ఆగాలి. ఆగితే మీసం పోతుంది. వదిలేస్తాడులెమ్మని తలూపేశాను.

అదే నా కొంప ముంచింది. మబ్బు వేళ చెరువు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతే చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తాయి. వెంటనే నీళ్ళు చిలికి గాలి కలిపే ఏరేటర్లు వేయకపోతే చెరువంతా చచ్చి తేలుతుంది. అందుకే ఆ ఊళ్ళో తెల్లవారుజామున గట్టు మీద మనిషి పరుగెత్తాడంటే ఒకటే అర్థం. గూడెం వాడిని, నాకేం తెలుసు?

"లెగండ్రోయ్! ఏరేటర్లెయ్యండి!"

చెరువు చెరువునా మోటార్లు గర్జించాయి. ఒకావిడ ఫోనులో, "బతికుండగానే పట్టేద్దాం, వలోళ్ళని పంపండి, లారీ కూడా!" అని కేకలు. ఇంకా ఎదగని చేపలండీ, ఏడాది కష్టం! వల నీళ్ళలో పడబోతుండగా ఓ పెద్దాయన వంగి చెరువులోకి చూశారు. తరువాత పక్కనుంచి పరుగెడుతున్న నా తెరిచిన నోరు చూశారు.

"వల ఆపండెహె! చేపలు శుభ్రంగా ఉన్నాయి. ఆక్సిజన్ పడిపోయింది ఈయనకి!"

నేను మాత్రం ఆగలేదు. దీక్ష అంటే అది. ఇంటి గుమ్మంలో బావగారు గడియారం చూసి నిట్టూర్చారు. "ముప్పై రెండు నిమిషాలు. మీసం మీదేనండీ."

ఆ మీసం మీదే చేయి వేసి ప్రతిజ్ఞ చేస్తున్నాను: నా క్రోమోజోములు కొసలదాకా అరిగిపోయినా సరే, ఈ జన్మలో చెరువుగట్టు మీద పరుగెత్తను.

ఇక, ఒట్టేసింది పులుసు మీద కాబట్టి ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ దీక్ష మాత్రం కల్పితం. మొదటి పన్నెండు నిమిషాలే నా పట్టుదల. తక్కిన ఇరవై నిమిషాలూ ఆ రైతులది. వెనకాలే వచ్చారు, వలతో సహా.