చుట్టం ఇచ్చిన విద్య

ఆసుపత్రి కింది అంతస్తులో, మెట్ల వెనక గదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా బ్యాక్టీరియాను పెంచి పరీక్షించే టెక్నీషియన్‌ని అందరూ ప్లేట్లత్త అంటారు. మూత ఉన్న చిన్న గాజు ప్లేటు నిండా రోగి నుంచి తీసిన బ్యాక్టీరియాను పూసి, మీద మందు బిళ్ళలు పెట్టి మర్నాడు చూస్తుంది. బిళ్ళ చుట్టూ ఖాళీ ఏర్పడితే ఆ మందు పనిచేస్తుంది. బిళ్ళను ఆనుకుని పెరిగిందంటే ఆ మందు దండగ. ఆవిడ కోపం ముక్కు మీదే ఉంటుంది. ఫ్రిజ్ తలుపు సరిగ్గా మూయని మొగుడికి ఆ సంగతి బాగా తెలుసు.

పోయిన నెల పసిపిల్లల వార్డులో ముగ్గురికి క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా సోకింది. రిపోర్టు వచ్చేదాకా మామూలు మందే వాడారు. అది పనిచెయ్యక ఒక బాబు దక్కలేదు. రిపోర్టు చూసి పెద్ద మందు ఇచ్చాక మిగతా ఇద్దరికీ తగ్గింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు గానీ, ప్లేట్లత్త ఊరుకోలేదు. ఆ మొండిదాన్నీ, మందుకు లొంగే ఈ-కొలై అనే ఇంకో బ్యాక్టీరియానీ ఒకే గొట్టంలో కలిపి పెంచింది. రెండూ దగ్గరి చుట్టాలు. మర్నాటికి ఈ-కొలై కూడా మొండికేసింది. మందును తట్టుకునే విద్య ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరంలో ఉంటుంది. క్లెబ్సియెల్లా దానికి నకలు తీసి చుట్టం చేతిలో పెట్టింది, తన దగ్గరా ఒకటి ఉంచుకుంది. తన ఆడపడుచులకు ఇంత పెట్టే గుణం ఏనాడూ లేదని ప్లేట్లత్త నిష్ఠూరం.

ఈ మంగళవారం అదే వార్డులోని తొమ్మిది రోజుల పాప రక్తంలో ఈ-కొలై పెరిగింది. ఏ మందు పనిచేస్తుందో తేలడానికి మర్నాటి దాకా ఆగాలి. పాపకు ఒళ్ళు కాలిపోతోంది. ప్లేట్లత్త వార్డు డాక్టరుకు ఫోన్ చేసింది.

"డాక్టరుగారూ, మామూలు మందు వద్దండీ. పోయిన నెల ఆ ఇద్దరికీ ఇచ్చారే, ఆ పెద్ద మందు ఇవ్వండి."

"అప్పుడొచ్చింది క్లెబ్సియెల్లా కదమ్మా? ఇది వేరేది. ఆ మందుతో పాప కిడ్నీలు దెబ్బతినొచ్చు. మీ రిపోర్టు రానివ్వండి."

"రిపోర్టొచ్చేసరికి పాప ఉండాలిగా! పేరు వేరైతే ఏంటండీ, చుట్టం కాదూ? పిల్లల పేగుల్లో రెండూ కలిసే కాపురం చేస్తాయి. నా గొట్టంలో జరిగింది అక్కడ జరగదా?"

"మీరు పొరబడితే?"

 కిడ్నీలు పోతే ఆ పాపం తనదేనని ప్లేట్లత్తకు తెలుసు.

"నా మాట మీదే మార్చామని రాసుకోండి," అంది.

డాక్టరు మందు మార్చాడు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ప్లేటు మూత తీసి చూసింది. మామూలు మందు బిళ్ళను ఆనుకుని ఈ-కొలై దట్టంగా పెరిగి ఉంది. కాసేపటికి డాక్టరే స్వయంగా కిందికి దిగి వచ్చాడు.

"జ్వరం తగ్గుతోందమ్మా. మూత్రం కూడా బాగానే వస్తోంది. మీరన్నదే నిజమైంది."

పాప గండం గడిచినందుకు ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. తన మాట నెగ్గినందుకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ విద్య ఇంకెందరు పిల్లల పేగుల్లోకి చేరిందో!

"వార్డులో ఇంకా ఎంతమంది పిల్లలున్నారండీ?"

"పదకొండు మంది."

"నా మాట తప్పైతే బాగుండేది," అంటూ కళ్ళు తుడుచుకుని, నమూనాలు తీసే దూది పుల్లలు పదకొండు లెక్కపెట్టి ట్రేలో పెట్టుకుంది. నర్సు వచ్చి తీసుకెళ్తుందని డాక్టరు అంటున్నా వినకుండా తనే మెట్లెక్కింది.